మూర్ఛ ఉన్నవారి ఇంట్లో రాత్రి జాగ్రత్త

(తెరపై: కడప రిమ్స్ ఆవరణ)

నమస్కారం. మూర్ఛ ఉన్నవారిని పొయ్యి దగ్గరికీ బావి గట్టుకూ ఒంటరిగా పంపకూడదని మన జిల్లాలో దాదాపు ప్రతి ఇంటికీ తెలుసు. నిద్రలోనే ప్రాణం పోయే ప్రమాదం ఒకటుందని మాత్రం చాలా కుటుంబాలకు బిడ్డ పోయిన తర్వాతే తెలుస్తోంది. నీట మునగడం, గాయం వంటి మరే కారణమూ కనిపించకుండా మూర్ఛ రోగి హఠాత్తుగా చనిపోవడాన్ని వైద్యులు సుడెప్ అంటారు.

పెద్దవారిలో ఏడాదికి సుమారు 1000 మంది రోగుల్లో ఒకరు, పిల్లల్లో సుమారు 4500 మందిలో ఒకరు ఇలా మరణిస్తారని అమెరికా న్యూరాలజీ అకాడమీ 2017 మార్గదర్శకం చెబుతోంది. ఒళ్లంతా బిగుసుకుని కాళ్లూ చేతులూ కొట్టుకునే పెద్ద ఫిట్స్ ఎంత తరచుగా వస్తే ముప్పు అంత పెరుగుతుంది. అలాంటి ఫిట్ ఆగిన కొద్ది నిమిషాల్లోనే ఊపిరి మందగించి, ఆగిపోయి, ఆ వెనుకే గుండె నిలిచిపోతుందని ఆసుపత్రుల్లో నమోదైన మరణాలను పరిశీలించినవారు గుర్తించారు. ఇవి ఎక్కువగా రాత్రిపూట, పక్కన ఎవరూ లేనప్పుడే జరుగుతున్నాయి. చాలామంది బోర్లా పడుకున్న స్థితిలో కనిపించారు.

(తెరపై: సగం ఖాళీ అయిన మాత్రల అట్ట)

ఇలా బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఆ అట్టను పట్టుకుని, ఏ పూట మాత్ర మిగిలిపోయిందో లెక్కపెట్టుకుంటూ కూర్చుంటుంది. మాత్రలు వేళకు వేసుకున్నా, ఇంటినిండా మనుషులున్నా ఈ మరణం సంభవించవచ్చని ఆమెకు చెప్పవలసినవాడు వైద్యం చేసిన డాక్టరే, కాబట్టి కర్మకాండలు ముగిశాకనైనా కుటుంబం ఆయనను కలిసి అడగడం మంచిది. గాలి సోకిందనీ, అత్తింటివారే ఏదో చేశారనీ పుట్టే పుకార్లకు కూడా అక్కడే సమాధానం దొరుకుతుంది.

2019 జులైలో అమెరికన్ నటుడు కామెరాన్ బాయ్స్ 20 ఏళ్ల వయసులో నిద్రలోనే ఇలా మరణించగా, తల్లిదండ్రులు కొడుకు పేరిట నెలకొల్పిన ఫౌండేషన్‌ను మూర్ఛపై అవగాహనకు అంకితం చేశారు. మన దగ్గర అంత బహిరంగంగా మాట్లాడటం కష్టం. సంబంధం చెడుతుందని దాచి పెళ్లి చేస్తారు. కొత్త కోడలు మాత్రలను సూట్‌కేసు అడుగున చీరల మధ్య పెట్టుకుని, ఎవరూ చూడనప్పుడు వేసుకుంటూ, వీలు కానినాడు మానేస్తుంది. మూర్ఛను కారణంగా చూపి పెళ్లి చెల్లదనే వీలును హిందూ వివాహ చట్టం నుంచి 1999లోనే తొలగించారన్న సంగతి ఆమెకెవరూ చెప్పరు. నా దృష్టిలో ఆ మాత్రలు అందరికీ కనిపించేలా అలమరలో ఉండటమే మొదటి రక్షణ.

రాత్రి ఫిట్స్ వచ్చేవారి గదిలో మరొకరు పడుకోవాలి. శివరాత్రి జాగారం వారికి వద్దు, ఎందుకంటే నిద్ర చెడితే ఫిట్స్ రావచ్చు. ఫిట్ వచ్చినప్పుడు తాళాల గుత్తీ ఉల్లిగడ్డా వెతకకుండా, నోట్లో ఏమీ పెట్టకుండా, కుదుపులు తగ్గగానే పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఊపిరి మామూలయ్యేదాకా దగ్గరే ఉండాలి. ఫిట్ 5 నిమిషాలు దాటినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే 108కు ఫోన్ చేయాలి. ఇంట్లో ఇద్దరుంటే ఒకరు ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకుంటే, తర్వాత ఓపీలో డాక్టరుకు ఏ రకం ఫిట్ వచ్చిందో మాటలకన్నా స్పష్టంగా తెలుస్తుంది.