ఎదురు మాట్లాడే పిల్లలు

(గిడుగు రామమూర్తి పంతులుగారి జయంతి సందర్భంగా ఒడిశాలోని బరంపురంలో జరిగిన సభలో ఒక విశ్రాంత అధ్యాపకుడు చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఈ ఏడాది కొత్తగా డిగ్రీలోనూ ఎం.ఏ., ఎం.ఎస్సీ.లలోనూ చేరుతున్న పిల్లలకు, వారిని వెంటబెట్టుకొని వచ్చిన తల్లిదండ్రులకు నమస్కారం. వేదిక మీద ఉన్నవారిని పేరుపేరునా తలచుకొని ఒక్కొక్కరి గొప్పతనాన్ని చెప్పడం మన సభల ఆనవాయితీ. నాకు ముందు మాట్లాడిన ముగ్గురూ ఆ పని చేశారు కనుక, నాలుగోసారి చేస్తే ఆ పెద్దలకే విసుగు వస్తుందని మానుకుంటున్నాను.

నిర్వాహకులు నన్ను గిడుగు వారి గురించి మాట్లాడమన్నారు. అందుకు నాలుగు కాగితాలు రాసుకొని కూడా వచ్చాను. అయితే లోపలికి వస్తుండగా గుమ్మం దగ్గర ఒక తండ్రి నన్ను ఆపి, "మాస్టారూ, మా అమ్మాయికి భంజవిహార్‌లో, అదే మన బరంపురం యూనివర్సిటీలో, సీటు వచ్చింది. హాస్టల్లో పెట్టాలంటే మనసు ఒప్పడం లేదు. యూనివర్సిటీకి వెళ్లిన పిల్లలు ఎదురు మాట్లాడడం నేర్చుకుంటారని అందరూ అంటున్నారు, నిజమేనా?" అని అడిగారు. ఆ ఎదురు మాట్లాడడమన్న ఆరోపణ నా జీవితంలో నేను వినడం ఇది మూడోసారి. మొదటి రెండుసార్లు ఎవరి నోట వచ్చిందో చెప్పకుండా ఆయనకు జవాబు చెప్పలేను. అందుచేత రాసుకొచ్చిన కాగితాలను జేబులో పెట్టుకుంటున్నాను. గిడుగు వారు క్షమిస్తారు, ఎందుకంటే వారి మాట కూడా ఇందులో వస్తుంది.

నాది పర్లాకిమిడి. గిడుగు వారు 1880లో ఉపాధ్యాయుడుగా వచ్చి, సవర గిరిజనుల మాట తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకొని ఆ భాష నేర్చుకొని, ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా బి.ఏ. పూర్తి చేసిన ఊరది. 1936లో ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అందులోకి వెళ్లినప్పుడు ఆయన రాజమహేంద్రవరం వెళ్లిపోయారు, మా తాతలు ఉండిపోయారు. ఉండిపోయిన వాళ్ల మనవలం కనుక ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియా చదువుకున్నాం. మా అమ్మది టెక్కలి. ఆమెకు ఒడియా అక్షరం రాదు, నాకు తెలుగు అక్షరం రాదు. అమ్మ ఎదురుగా ఉన్నంత కాలం, పిలిస్తే పలికే మనిషికి ఉత్తరం ఎవరు రాస్తారు గనక, అది ఒక లోటని నాకు తోచనే లేదు.

1976లో ఎం.ఏ. ఆర్థికశాస్త్రం చదవడానికి బరంపురం విశ్వవిద్యాలయంలో చేరాను. 1967 జనవరి 2న మొదలైన ఆ విశ్వవిద్యాలయానికి అప్పటికి పదేళ్లు కూడా నిండలేదు. చిన్న రైలులో నౌపడ దాకా వచ్చి, అక్కడ పెద్ద రైలు ఎక్కి, పలాస, సోంపేట, ఇచ్ఛాపురం దాటుకొని బరంపురంలో దిగాను. ఒక రేకు పెట్టె, ఒక పరుపు చుట్ట, మా అమ్మ కట్టి ఇచ్చిన ఆవకాయ జాడీ నా ఆస్తి. వీటన్నింటికంటే బరువైనది ఇంకొకటి కూడా నా వెంట వచ్చింది, అది మా వీధిలో నాకున్న పేరు. మా వీధిలో నేను ఫలానా వారి అబ్బాయిని, మంచి మార్కులు వచ్చేవాణ్ణి, తిన్న కంచం ఎత్తనివాణ్ణి. హాస్టల్లో మొదటి రాత్రి తిన్న కంచం అక్కడే వదిలి లేచాను. ఫుల్బాణీ నుంచి వచ్చిన నా గది తోడు ఏమీ అనకుండా తన కంచంతోపాటు నా కంచం కూడా కుళాయి దగ్గరకు తీసుకుపోయి కడిగాడు. రెండో రాత్రీ అదే జరిగింది. మూడో రాత్రి నేను రెండు కంచాలూ కడిగాను. ఆ విషయం మా ఇద్దరి మధ్య ఎన్నడూ మాటల్లోకి రాలేదు. ఇరవై ఏళ్లుగా మా ఇంట్లో ఎవరూ నేర్పలేని పని మూడు రాత్రుల్లో వచ్చింది. పాఠ్యప్రణాళికలో ఇది ఎక్కడుందని అడిగితే నేను చూపలేను.

నెల తిరగకముందే అమ్మ దగ్గరనుంచి ఉత్తరం వచ్చింది. విప్పి చూశాను, మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయాను. బి.ఏ.లో మొదటి తరగతి తెచ్చుకున్నవాణ్ణి, కన్నతల్లి రాసిన ఉత్తరం చదవలేకపోయాను. గదిలో తలుపు వేసుకొని చాలాసేపు దాన్ని తిప్పి తిప్పి చూశాను. ఆఖరికి వంటశాలకు వెళ్లి, ఇచ్ఛాపురం నుంచి వచ్చి మాకు వండిపెట్టే ఆయన చేతికి ఇచ్చాను. నాలుగో తరగతి దాకా చదివిన మనిషి. చేతి తడి తువ్వాలుకు తుడుచుకొని, కళ్లజోడు పెట్టుకొని, "చిరంజీవి బాబుకు అమ్మ ఆశీర్వదించి వ్రాయునది ఏమనగా" అని గొంతెత్తి చదివాడు. అమ్మ గొంతు ఆయన గొంతులోనుంచి వస్తుంటే నేను పొయ్యి వైపు చూస్తూ నిలబడ్డాను. ఇంట్లో అందరూ క్షేమం, ఆవకాయ అయిపోతే రాయమంది. చివర రెండు వాక్యాల్లో చెల్లెలు ఐ.ఏ.లో, అంటే ఇంటర్‌లో, మొదటి తరగతిలో ప్యాసైందనీ, నాన్నగారు ఆమె చదువు మాన్పించి సంబంధాలు చూస్తున్నారనీ ఉంది. ఆ రెండు వాక్యాల దగ్గర వంటాయన గొంతు తగ్గించాడు. ఉత్తరం మడిచి ఇచ్చి, "అక్షరాలు నేర్చుకో బాబూ, ఇలాంటివి పరాయివాళ్లు చదవకూడదు" అన్నాడు.

ఆ దసరాకు ఇంటికి వెళ్లేలోగా మెస్సు లెక్కల కాగితాల వెనుక ఆయన దగ్గర తెలుగు అక్షరాలు దిద్దుకున్నాను. గిడుగు వారి ఊరివాడు ఇచ్ఛాపురం వంటవాడి దగ్గర ఓనమాలు నేర్చుకున్నాడు. ఇందులో సిగ్గుపడవలసినదేమీ లేదని అనిపించడానికే నాకు కొంతకాలం పట్టింది. సవర భాష కోసం సవరల ముందు విద్యార్థిగా కూర్చున్న పంతులుగారు మా వీధుల్లోనే తిరిగినా, "నాకు తెలియదు, చెప్పండి" అని మరొక మనిషి ముందు నిలబడడం నేను మా ఊళ్లో ఒక్కనాడూ చేయలేదు. చేయవలసిన అవసరం రాలేదు. ఎరిగిన వీధిలో ఎరిగిన మనుషుల మధ్య పెరిగిన పిల్లవాడికి ఆ అవసరం రాదు. ఎవరూ ఎరగని చోటికి వెళితే మొదటి వారంలోనే వస్తుంది. పిల్లల నడవడి మారేది అక్కడే అని నా నమ్మకం.

అక్షరాలు వచ్చాక నేను రాసిన రెండో ఉత్తరం నాన్నగారికి. చెల్లెలికి నాకంటే ఎక్కువ మార్కులు వచ్చాయనీ, నా ఖర్చులో కొంత తగ్గించి పంపినా సరే ఆమెను బి.ఏ.లో చేర్చమనీ రాశాను. ఎక్కడా మర్యాద తప్పలేదు, ఒకటికి మూడుసార్లు చదువుకొని మరీ పోస్టు చేశాను. నాన్నగారు జవాబు రాయలేదు. సెలవులకు ఇంటికి వెళితే అరుగు మీద నలుగురి ముందు, "యూనివర్సిటీకి పంపించినందుకు వీడు ఎదురు మాట్లాడడం నేర్చుకొచ్చాడు" అన్నారు. అది మొదటిసారి. చెల్లెలు గుమ్మం లోపల నిలబడి విన్నది. ఆ మాఘమాసంలో ఆమె పెళ్లి అయింది. మా నాన్నగారు చెడ్డవారు కారు. కూతురి పేరున పట్టుచీరలు కొనడానికి బరంపురం దాకా వచ్చి నాలుగు దుకాణాలు తిరిగిన మనిషి. ఆ చీరల ఖర్చుతో ఆమె బి.ఏ. పూర్తయ్యేది. ఈ లెక్క ఇప్పటికి యాభై ఏళ్లుగా నన్ను వదలలేదు. ఆర్థికశాస్త్రం చదివినందుకు నాకు మిగిలిన లెక్క ఇదే అని మా ఇంట్లోవాళ్లు వేళాకోళం చేస్తారు.

ఇక రెండోసారి. ఆ మాట అన్నది నేనే.

ఈ జిల్లాల్లోనే ఒక కళాశాలలో పాఠాలు చెబుతూ హాస్టల్ వార్డెన్‌గా కూడా ఉన్న రోజులవి. ఒక సాయంత్రం 41 మంది విద్యార్థులు సంతకాలు చేసిన కాగితం పట్టుకొని ఐదుగురు నా గదికి వచ్చారు. మెస్సు గుత్తేదారు రోజుకు 12 కిలోల బంగాళాదుంపలు లెక్క రాస్తున్నాడనీ, తాము వంతులవారీగా వంటశాలలో నిలబడి 15 రోజులు తూకం చూస్తే ఏ రోజూ 8 కిలోలు దాటలేదనీ వాళ్ల ఫిర్యాదు. కాగితం చదివింది గుమ్మ అనే ఊరి వైపు కొండలనుంచి వచ్చిన ఒక సవర కుర్రవాడు. హాజరు పిలిస్తే పలకడానికి కూడా రెండు నెలలు జంకిన పిల్లవాడు. తేదీలవారీగా తూకాలు చదువుతుంటే అతని చేతిలో కాగితం వణుకుతూనే ఉంది, గొంతు మాత్రం ఎక్కడా తడబడలేదు. నేనేం చేశానో చెప్పడానికి ఇప్పటికీ మొహమాటంగా ఉంది. గుత్తేదారు మీద రావలసిన కోపం వాళ్ల మీద వచ్చింది. "చదువుకోడానికి వచ్చారా, ఎదురు మాట్లాడడానికి వచ్చారా?" అన్నాను. నా నోటినుంచి మా నాన్నగారు మాట్లాడారు.

పిల్లలు గొడవ చేయలేదు. తలుపు విసురుగా వేయలేదు. "సార్, కాగితం ఇక్కడ పెడుతున్నాం, రేపు మళ్లీ వస్తాం" అని బల్ల మీద పెట్టి వెళ్లారు. మెస్సు బకాయి ఉన్నవాడెవడూ సంతకం చేయకూడదని, ముందు అందరిచేతా బకాయిలు కట్టించి ఆ తర్వాతే సంతకాలు తీసుకున్నారని నాకు మర్నాడు తెలిసింది. ఈ పద్ధతిని వాళ్లకు నేర్పినవారు ఎవరూ లేరు. జూన్‌లో ఇంటినుంచి వచ్చినప్పుడు సబ్బు పోతే ఏడ్చిన పిల్లలు, ఫిబ్రవరికి తమ హక్కు అడగబోయే ముందు తమ బాకీ తీర్చుకోవాలన్నంత దూరం వచ్చారు. రెండో రోజు వాళ్లను కూర్చోబెట్టి లెక్క చూశాను. వాళ్లదే సరైనది. పైవాళ్లకు రాశాను. గుత్తేదారు మారలేదు, లెక్క మారింది.

పిల్లలందరూ ఇలాగే బాగుపడతారని నేను చెప్పడం లేదు. రాత్రంతా ఫోను పట్టుకొని పొద్దంతా పడుకునేవాళ్లను చూశాను. చదువు మధ్యలో ఆపేసి వెళ్లిపోయినవాళ్లనూ, వ్యసనాలపాలైనవాళ్లనూ చూశాను. కొత్తగా వచ్చినవాణ్ణి ఏడిపించి అదే సరదా అనుకునే సీనియర్లనూ చూశాను. ఆ సరదాను నిషేధిస్తూ 2009లో యూజీసీ నిబంధనలు తెచ్చింది కనుక, మీ పిల్లలకు అలాంటిది ఎదురైతే దాచుకోవద్దని మొదటి రోజే చెప్పండి. అయితే చెడిపోయిన పిల్లవాడి కథ ఊరంతా తిరుగుతుంది, కంచం కడగడం నేర్చుకున్నవాడి కథ ఎవరూ చెప్పుకోరు. అందుకే ఈ గుమ్మం దగ్గర ఆ తండ్రిగారికి ఒకవైపు మాటలే వినిపించాయి.

మన బరంపురంలోనే 1894లో పుట్టిన వి.వి.గిరి గారిని తీసుకోండి. ఈ ఊరి ఖల్లికోట కళాశాలలో చదివి, 1913లో న్యాయశాస్త్రం కోసం డబ్లిన్ వెళ్లారు. చదువుతోపాటు అక్కడి ఐరిష్ స్వాతంత్ర్య పోరాటాన్ని దగ్గరనుంచి చూశారు. ఆ సంబంధాల కారణంగానే 1916లో ఐర్లాండు వదిలి రావలసివచ్చింది. చదువుకోడానికి పంపితే ఇదేం పని అని ఈ వీధుల్లో ఎవరైనా అనే ఉంటారు, మన వీధులు నాకు తెలియనివి కావు. తిరిగివచ్చి రైల్వే కార్మికుల తరఫున నిలబడినవారు, 1969లో రాష్ట్రపతి అయినవారు ఆయనే. అందరూ రాష్ట్రపతులు కారు, కానక్కరలేదు కూడా. వంటశాలలో తూకం చూసేవాళ్లు అయితే చాలు.

ఇంకొక విషయం. నేను ఎం.ఏ.లో చేరిన రోజుల్లో 21 ఏళ్లు నిండితే గాని ఓటు లేదు. 1989లో రాజ్యాంగ సవరణ చేసి దాన్ని 18 ఏళ్లకు తగ్గించారు. అంటే ఈ ముందు వరుసల్లో కూర్చున్న పిల్లలకు కళాశాల ప్రవేశం, ఓటుహక్కు దాదాపు ఒకేసారి వస్తున్నాయి. దేశాన్ని ఎవరు నడపాలో చెప్పమని ప్రభుత్వం వీళ్లను అడుగుతోంది. ఏ సబ్జెక్టు తీసుకోవాలో మాత్రం ఇంట్లో మనం అడగడం లేదు.

గుమ్మం దగ్గర నన్ను అడిగిన తండ్రిగారూ, మీరు ఎక్కడ కూర్చున్నారో ఈ వెలుతురులో నాకు కనపడడం లేదు. మీ అమ్మాయి ఎదురు మాట్లాడుతుందా అని కదా అడిగారు? మాట్లాడుతుంది. మొదటి సెలవులకు ఇంటికి వచ్చినప్పుడే మాట్లాడుతుంది. తమ్ముడి కంచం తమ్ముణ్ణే కడగమంటుంది. కరెంటు బిల్లు చదివి ఇంత ఎందుకు వచ్చిందని అడుగుతుంది. పనిమనిషిని మీరు పిలిచే తీరు బాగాలేదంటుంది. అప్పుడు మీకు కోపం వస్తుంది, నాకూ వచ్చింది. ఆ రాత్రి నిద్రపోయి, ఆమె అడిగినదాంట్లో తప్పేముందో మర్నాడు వెతకండి. మా చెల్లెలు తన ఇద్దరు కూతుళ్లనూ విశ్వవిద్యాలయానికి పంపింది. ఒకరిని ఇక్కడ చేర్చింది, ఒకరిని వాల్తేరులో చేర్చింది. పంపేముందు ఎవరినీ సలహా అడగలేదు, నన్ను కూడా. ఫీజు కట్టిన రశీదు మాత్రం నాకు చూపించింది.

సమయం మించిపోయిందని అధ్యక్షులవారు రెండుసార్లు గడియారం చూసుకున్నారు, ఒక్క మాట చెప్పి దిగుతాను. పిల్లలూ, గుమ్మం దగ్గర బల్ల మీద పోస్టు కార్డులు పెట్టాను, తలా ఒకటి తీసుకువెళ్లండి. హాస్టల్లో చేరిన మొదటి నెలలో తెలుగులో ఇంటికి ఒక్క కార్డు రాయండి. మీలో చాలామందికి నాలాగే తెలుగు మాట తప్ప అక్షరం రాదని తెలుసు. పక్క గదిలో వచ్చినవాళ్లుంటారు, లేకపోతే వంటశాలలో ఉంటారు, వెళ్లి అడగండి. తప్పులు వస్తాయని వెనకాడకండి. ఒడియా బడిలో 'క్ష'ను 'ఖ్య' అని పలికే అలవాటు కొద్దీ నా మొదటి ఉత్తరం నిండా నేను 'ఖ్యేమం' అని రాశాను. మా అమ్మ ఆ మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టి, జవాబులో ఆశీర్వాదం కంటే ముందు ఆ అంకె రాసింది.