వెల్లకిలా పడుకున్న సాలీడు

సభకు నమస్కారం. పెద్దలకు, మాస్టార్లకు, ముందు చాప మీద కూర్చున్న పిల్లలకు మరీ ముఖ్యంగా. విజయనగరంలో సాలీడు పెంపకం గురించి మాట్లాడమని నన్ను ఎవరైనా పిలుస్తారని అనుకోలేదు. ఇరవై నిమిషాలు ఇచ్చారు. డబ్బా, తిండి, నీళ్ళు, జబ్బులు అని నాలుగు ముక్కలు కాగితం మీద రాసుకొచ్చాను. కానీ ముందు ఒక చావు గురించి చెప్పాలి. అది చెప్పకపోతే మిగతాది నా నోట రాదు.

నేను ఉద్యోగానికి టెక్సస్‌లో ఉన్న రోజులు. నాతో గదిలో ఉండే స్నేహితుడు మూడు టరంటులా, అంటే ఒంటినిండా వెంట్రుకలుండే పెద్ద సాలీడు, పిల్లల్ని చిన్న ప్లాస్టిక్ డబ్బాల్లో తెచ్చి నా చేతిలో పెట్టాడు. హోండురస్, నికరాగువా వైపు నేలలో బొరియలు తవ్వుకుని బతికే రకం. పెద్దయ్యాక ఒళ్ళంతా ఉంగరాల జుట్టు వస్తుంది. అప్పటికి మాత్రం ఒక్కోటి మినపగింజంత. అమ్మకి ఫోన్లో చెబితే, "ఏటిరా, పురుగులకి కూడు పెడతన్నావా?" అంది.

మూడో నెలలో ఒకటి తిండి మానేసింది. పొట్ట ఉబ్బి, నల్లగా మెరుస్తోంది. నాకు ఒకటే టెన్షన్. గంటకోసారి మూత తీశాను. పుల్లతో కదిపాను. తింటుందేమోనని కీచురాయిని దాని మీదికే తోశాను. ఒకరోజు పొద్దున్న చూస్తే వెల్లకిలా పడి ఉంది, కాళ్ళు పైకి. తాకితే చలనం లేదు. టిష్యూ కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేసి ఆఫీసుకి వెళ్ళిపోయాను.

సాయంత్రం సంగతి విన్న స్నేహితుడు మాట్లాడకుండా బుట్ట బోర్లించాడు. కాగితం విప్పాడు. నాలుగు కాళ్ళు పాత చర్మంలోంచి బయటికొచ్చి ఉన్నాయి. మిగతా నాలుగు లోపలే చిక్కుకుని వంకరపోయాయి. కొత్త కోరలు పాలలా తెల్లగా ఉన్నాయి. నేను చుట్టినప్పుడు అది బతికే ఉంది. కుబుసం విడుస్తోంది.

పిల్లలూ, మీరు చెప్పండి. టరంటులా వెల్లకిలా పడుకుంటే? కుబుసం! ఇంకోసారి, గట్టిగా. కుబుసం!

చావు వేరేలా ఉంటుంది. సాలీడు కాలు ముడవడానికి కండరం ఉంది, కానీ ముఖ్యమైన కీళ్ళ దగ్గర చాపడానికి కండరం లేదు. లోపలి ద్రవాన్ని ఒత్తిడితో కాళ్ళలోకి తోసి చాపుకుంటుంది. ఒంట్లో నీరు తగ్గినా, ప్రాణం పోతున్నా ఆ ఒత్తిడి పడిపోతుంది. అప్పుడు బోర్లానే ఉండి, కాళ్ళన్నీ పొట్ట కిందికి ముడుచుకుంటుంది. అలా కనబడితే వెంటనే నోటికి అందేలా నీళ్ళు పెట్టాలి. వెల్లకిలా ఉంటే మాత్రం చేతులు కట్టుకుని కూర్చోవాలి. డబ్బాలో బతికున్న పురుగు ఏదైనా ఉంటే ముందే తీసేయాలి. అప్పుడు దాని ఒళ్ళు ఎంత మెత్తగా ఉంటుందంటే, కీచురాయి కూడా కొరికి చంపగలదు. తర్వాత వారం రోజులు తిండి పెట్టకూడదు. తెల్లటి కోర ఎర్రబడి, ఎరుపు నలుపు తిరిగాకే అది తినగలదు.

మాస్టారు వాచీ చూస్తున్నారు. కాగితం పక్కన పెట్టేస్తాను. డబ్బా పొడుగ్గా వద్దు, పైనుంచి పడితే పొట్ట పగులుతుంది. గాలికి కన్నాలు ఉండాలి, పిల్ల తల దూరనంత సన్నగా. అడుగున కొబ్బరి పొట్టు వేయాలి. మన ఉద్దానం పక్కనే ఉండగా దానికి కొరత లేదు. ఒక మూల తడి చాలు. అంతా తడిపితే బూజు, మైట్స్ అనే సన్న పురుగులు పడతాయి. వారానికి ఒకటి రెండుసార్లు, దాని పొట్టకన్నా పెద్దది కాని పురుగుని చంపి పెడితే చాలు.

ఇంకొక్కటి, ఇది మన ఊళ్ళ కోసం. ఆ గదిలో దోమల కాయిల్ వెలిగించకండి, స్ప్రే కొట్టకండి. దోమని చంపే మందు సాలీడునీ చంపుతుంది. మందు కొట్టిన చేలో పట్టిన పురుగునీ పెట్టకండి.

ఇంత చెప్పాక, రేపు ఎవరో ఒకరు అనంతగిరి వెళ్ళి చెట్టు తొర్రలో చెయ్యి పెడతారని నా భయం. దయచేసి వద్దు. తూర్పు కనుమల్లో తప్ప ఇంకెక్కడా లేని ఒక రకం టరంటులాకి ఇంగ్లీషులో అనంతగిరి పేరే పెట్టారు. అది చెట్టు మీద ఉంటుంది, మెరుపులా పరుగెడుతుంది, కరిస్తే బాధ చాలా ఉంటుంది. దాని అన్నదమ్ముల్లాంటిది గుత్తి నీలం సాలీడు. 1899లో గుత్తి రైల్వే కలప డిపోలో దొరికినదాన్ని చూసి పోకాక్ అనే శాస్త్రవేత్త దానికి పేరు పెట్టాడు. మళ్ళీ 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో కనబడేదాకా దాని జాడే లేదు. ఈ రెండూ ఉన్న ప్రజాతి మొత్తాన్నీ 2019లో సైటీస్ అనే, అరుదైన జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం రెండో అనుబంధంలో చేర్చారు. అంటే అనుమతి పత్రం లేకుండా దేశం దాటించకూడదు. మన కొండల్లో ఉన్నవాటిని కొండల్లోనే ఉండనివ్వండి. ఇంట్లో గోడ మీద సాలీడు కనబడితే చీపురు ఎత్తే ముందు ఒక్క నిమిషం ఆగండమ్మా. నా చేతిలో పోయినదాని తరఫున అడుగుతున్నాను.

మిగిలిన రెండూ పెరిగాయి. ఒకటి ఆడది, ఇరవై ఏళ్ళు బతకగల రకం. తిరిగొచ్చేటప్పుడు వాటిని స్నేహితుడికే అప్పగించి, ఆడదాని కుబుసం ఒకటి అడిగి తెచ్చుకున్నాను. ఇదిగో, ఈ స్వీటు డబ్బాలో ఉంది. ఎనిమిది కాళ్ళూ, కోరలూ, కళ్ళ మీది పొరతో సహా ఉన్నాయి. లోపల మాత్రం ఖాళీ. ముందు వరుసవాళ్ళు ఒక్కొక్కరే రండి. ముట్టుకోవద్దు, కాలు తగిలితే విరుగుతుంది. పొట్ట మీది సన్నటి వెంట్రుకలు కంట్లో పడితే మంట. బాబూ, నువ్వు పొట్టిగా ఉన్నావు, ఈ బల్ల ఎక్కి చూడు.