కోడి కనిపించకముందే నాన్న నవ్వేశారు

అక్క: అందరికీ నమస్కారం. ఈ వారం మనం మాట్లాడుకునేది నవ్వు గురించి. జోకులు చెప్పం, భయపడకండి.

తమ్ముడు: చెప్పినా అక్క జోకులకు నవ్వేవాళ్ళు ఎవరూ లేరు లెండి.

అక్క: అదిగో, మొదలెట్టాడు. తెలియని వాళ్ళకి చెప్తున్నా. వీడు వీడియో ఎడిటర్. పొద్దస్తమానం కామెడీ క్లిప్పులు కత్తిరిస్తుంటాడు. నేను కాలేజీలో సాహిత్యం పాఠాలు చెప్తాను. సంక్రాంతికి ఇంట్లో జరిగింది నువ్వే చెప్పరా, అక్కడి నుంచే మొదలెడదాం.

తమ్ముడు: భోజనాలయ్యాక టీవీలో ‘అహ నా పెళ్ళంట’ వస్తోంది. 1987లో వచ్చిన జంధ్యాల గారి సినిమా. కోట శ్రీనివాసరావు గారు పిసినారి లక్ష్మీపతి. కోడిని వేలాడదీసి, దాన్ని చూసుకుంటూ ఉత్త అన్నం తినే సీను ఉంటుందే, అది. నాన్న ఆ సినిమా ఎన్నిసార్లు చూశారో లెక్కలేదు. ఆ సీను ఇంకా రాలేదు. ఈయన అప్పటికే భుజాలు కదిలిపోయేలా నవ్వుతున్నారు. “వస్తోందర్రా, వస్తోంది” అంటారు. తీరా కోడి కనిపించేసరికి కళ్ళ వెంట నీళ్ళు, పొలమారి దగ్గు. అమ్మ పరిగెత్తుకొచ్చి నెత్తి మీద తట్టింది.

అక్క: అది చూసి నాకు పాపం కాంట్ గుర్తొచ్చాడు.

తమ్ముడు: మా ఇంట్లో కోడి సీనుకి గుర్తొచ్చేది ఇలాంటివాళ్ళే.

అక్క: వినరా. ఇమ్మాన్యుయేల్ కాంట్, జర్మన్ తత్వవేత్త. 1790లో రాసిన పుస్తకంలో నవ్వు గురించి ఒక మాటన్నాడు. మనం ఏదో జరుగుతుందని బిగబట్టుకుని చూస్తుంటాం, ఉన్నట్టుండి అదంతా ఉత్తదే అని తేలిపోతుంది, అప్పుడు నవ్వొస్తుంది అని. పైగా ఒక జోకు కూడా చెప్పాడు. అది మన సూరత్‌లో జరిగిందట. ఇంగ్లీషు దొర భోజనాల బల్ల దగ్గర బీరు సీసా మూత తీస్తే నురగ బుసబుసా పొంగింది. అక్కడున్న ఇండియన్ ఒకాయన తెగ ఆశ్చర్యపోతున్నాడు. “ఇందులో అంత వింతేముంది?” అన్నాడు దొర. “బయటికి రావడం వింత కాదండీ, ఇంత నురగని లోపలికి ఎలా కూరారా అని చూస్తున్నా” అన్నాడట.

తమ్ముడు: బాగుంది! 1790 జోకుకి ఇప్పుడు నవ్వానంటే గొప్పే.

అక్క: ఎందుకు నవ్వావ్?

తమ్ముడు: అంటే... పాపం, తెలియక అడిగాడు కదా.

అక్క: నువ్వు హాబ్స్ పార్టీ అన్నమాట. ఇంగ్లండ్ తత్వవేత్త థామస్ హాబ్స్ 1651లోనే చెప్పాడు, ఎదుటివాడిలో ఏదో లోపం కనిపించి, వాడి కంటే మనం మెరుగని ఒక్కసారిగా అనిపిస్తే, ఆ పొంగే నవ్వు అని. కానీ కాంట్ దీన్ని ముందే ఊహించి, “ఆ అమాయకుడి కంటే తెలివైనవాళ్ళమని కాదు మనం నవ్వేది” అని అక్కడే రాసుకున్నాడు. నన్నడిగితే ఇద్దరూ ఒకటి వదిలేశారు. ఆ సూరత్ ఆయన అమాయకుడని ఎవరు చెప్పారు? దొరని ఆటపట్టిస్తున్నాడేమో!

తమ్ముడు: మా పెదనాన్న టైపు.

అక్క: అచ్చంగా. సరే, కోడి దగ్గరికి వద్దాం. హాబ్స్ లెక్కలో పిసినారిని చూసి మనం నవ్వుతున్నాం, ఎందుకంటే మనం మరీ అంత కక్కుర్తి మనుషులం కాదు కాబట్టి. కాంట్ లెక్కలో భోజనమంటే ఒకటి ఊహించుకున్నాం, తీరా చూస్తే కూర విస్తట్లో లేదు, గాల్లో ఉంది.

తమ్ముడు: కానీ నాన్నకి ఊహించడానికి ఏం మిగిలింది? కోడి ఎక్కడుందో, ఎప్పుడొస్తుందో అంతా తెలుసు. అయినా కోడి రాకముందే నవ్వేశారు.

అక్క: అదే నా బాధ. ఆశ్చర్యమే నవ్వుకి మూలం అయితే రెండోసారి చూసినప్పుడే నవ్వు చచ్చిపోవాలి. మన ఇళ్ళలో అలా జరగదు. పదో సారికి ఇంకా పెరుగుతుంది.

తమ్ముడు: దీని మీద నా పని నుంచి ఒకటి చెప్తా. ప్రాక్టీసు కోసం ఆ సీనుని ఒకసారి రీల్‌లా కుదించి చూశాను. నేరుగా కోడి, వెంటనే ముద్ద, అయిపోయింది. పక్క సీట్లో వాడికి చూపిస్తే “ఊఁ” అన్నాడు. మొహంలో చలనం లేదు. మళ్ళీ టైమ్‌లైన్ మీద పెట్టి, ఆయన భోజనానికి కూర్చునే తీరిక, ముద్ద కలపడం, పైకి చూడటం అన్నీ అలాగే ఉంచేశాను. అదే మనిషి ఈసారి పక్కున నవ్వాడు. నవ్వు కోడిలో లేదక్కా. ఆయన అంత సీరియస్‌గా, అంత శ్రద్ధగా తినడంలో ఉంది. కోట గారు ఒక్క క్షణం కూడా “నేను కామెడీ చేస్తున్నా” అన్నట్టు మొహం పెట్టరు.

అక్క: నువ్వు చెప్పేది హెన్రీ బెర్గ్‌సన్ మాటకి దగ్గరగా ఉంది. ఫ్రాన్స్ ఆయన, 1900లో నవ్వు మీద ఒక పుస్తకమే రాశాడు. బతికున్న మనిషి యంత్రంలా బిగుసుకుపోతే మనకి నవ్వొస్తుందంటాడు. లక్ష్మీపతిది అదే జబ్బు. లోకం ఎటు పోయినా ఆయన మీట ఒకటే, పైసా. పెట్టె మూత తీస్తే ఎగిరిపడే స్ప్రింగ్ బొమ్మని ఉదాహరణగా చెప్తాడు బెర్గ్‌సన్. ఎన్నిసార్లు నొక్కినా మళ్ళీ లేస్తుంది. పిల్లలు ఎన్నిసార్లు చూసినా నవ్వుతారు.

తమ్ముడు: ఆగాగు. అలాగైతే లేవబోతోందని తెలియడమే సరదా కదా?

అక్క: అదీ సంగతి! ‘అమృతం’ సీరియల్ తలుచుకో. 2001లో జెమినీ టీవీలో మొదలైంది. అమృతం, ఆంజనేయులు పెట్టుకున్న హోటలు, కొత్త ఐడియా ఒకటి, అది తన్నేయడం. తన్నేస్తుందని మొదటి నిమిషంలోనే తెలుసు. ఎలా తన్నేస్తుందా అని చివరిదాకా కూర్చునేవాళ్ళం.

తమ్ముడు: ఆదివారం రాత్రుళ్ళు. హోంవర్క్ అలాగే ఉండేది.

అక్క: ‘మాయాబజార్’ కూడా అంతే, 1957ది. ఈ పెళ్ళంట సినిమాకి పేరొచ్చిందే అందులోని పాట నుంచి. అందులో ఘటోత్కచుడు శశిరేఖ వేషం వేశాడని మనకి ముందే చూపించేస్తారు. మోసపోయేది లక్ష్మణ కుమారుడే, మనం కాదు. ఆ పాటలో సావిత్రిని గమనించు. సిగ్గుల మొగ్గలా వయ్యారంగా ఆడుతూ ఆడుతూ, ఉన్నట్టుండి రొమ్ము విరుచుకుని మగాడిలా నిలబడుతుంది. గొంతు కూడా సుశీల గారి నుంచి ఘంటసాల గారికి మారిపోతుంది. చప్పున మళ్ళీ ఆడపిల్లయిపోతుంది. ఒక్క మనిషిలో సావిత్రి, ఎస్వీ రంగారావు ఇద్దరూ కనిపిస్తారు. అందులో రహస్యం ఏమీ లేదు, అయినా ప్రతిసారీ నవ్వొస్తుంది.

తమ్ముడు: అయితే కాంట్‌ని పక్కన పెట్టేయొచ్చా?

అక్క: పెట్టలేంరా. ఆయన సగం సరిగ్గానే పట్టుకున్నాడు, పొందిక లేని రెండిటిని ఒకచోట పెడితే నవ్వొస్తుందన్న సగం. దాని కోసం ఆశ్చర్యపోవాల్సిన పని లేదు. చాప్లిన్ ‘గోల్డ్ రష్’ చూశావుగా, 1925ది.

తమ్ముడు: బూటు ఉడకబెట్టుకుని తింటాడు. మేకుల్ని ఎముకల్లా చప్పరిస్తాడు, లేసుల్ని ఫోర్కుకి నూడుల్స్‌లా చుడతాడు. ఆ బూటు అతిమధురంతో చేయించారట.

అక్క: అందులోనూ కోడి ఉంది, గుర్తుందా?

తమ్ముడు: ఓహ్! ఆకలికి పిచ్చెక్కి ఆ లావుపాటాయనకి చాప్లినే పెద్ద కోడిలా కనిపిస్తాడు!

అక్క: ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టు. అక్కడ లేనివాడు బూటుని విందు భోజనంలా తింటాడు. ఇక్కడ ఉన్నవాడు విందు భోజనాన్ని చూస్తూ ఉత్త అన్నం తింటాడు. పొందిక లేకపోవడం రెండిట్లోనూ సమానమే. కానీ చాప్లిన్‌ని చూసి నవ్వాక గొంతులో ఏదో అడ్డం పడుతుంది. లక్ష్మీపతికి అలా అనిపించదు. హాబ్స్ సూత్రం లక్ష్మీపతికి సరిపోతుంది, చాప్లిన్ దగ్గర పనిచేయదు. అంత మర్యాదగా తినేవాడి కంటే మనం గొప్పవాళ్ళమని ఎలా అనుకుంటాం?

తమ్ముడు: ఆ సీను వెనక నిజం కథ కూడా ఉందని చదివాను. అమెరికాలో మంచులో చిక్కుకుపోయిన వలస జనం.

అక్క: అవును, 1846లో సియెరా నెవాడా కొండల్లో చిక్కుకున్న డోనర్ బృందం. ఆకలికి తోలు నమిలారు, చివరికి చనిపోయినవాళ్ళ శవాలనీ తిన్నారు. అది చదివాకే ఈ బూటు సీను తట్టిందని చాప్లిన్ తన ఆత్మకథలో రాసుకున్నాడు. నవ్వాలంటే గుండె కాసేపు మొద్దుబారాలని బెర్గ్‌సన్ అంటాడు. ఎంతసేపు మొద్దుబారాలో చాప్లిన్‌కి బాగా తెలుసు.

తమ్ముడు: చావింట్లో నవ్వు వస్తుంది చూడు, అది ఏ లెక్కలోకి వస్తుంది? మన అత్తయ్యగారింట్లో...

అక్క: పేర్లొద్దు!

తమ్ముడు: చెప్పను. నా పెదవి పళ్ళ కింద నలిగిపోయింది, అంతే.

అక్క: దానికి వేరే సిద్ధాంతం ఉంది. 1860లో హెర్బర్ట్ స్పెన్సర్, తర్వాత 1905లో ఫ్రాయిడ్. లోపల అణిచిపెట్టిన టెన్షన్ కుక్కర్ విజిల్‌లా బయటికి కొట్టడం. దీనికి అమెరికా టీవీలో ఒక ఎపిసోడ్ ఉంది, 1975 అక్టోబర్‌లో వచ్చింది, ‘మేరీ టైలర్ మూర్ షో’లో. టీవీ స్టేషన్‌లో పనిచేసే విదూషకుడు చచ్చిపోతాడు. ఎలాగంటే, ఊరేగింపులో వేరుశనక్కాయ వేషం వేసుకుని వెళ్తే, ఏనుగు పొట్టు వలవబోయింది.

తమ్ముడు: (నవ్వుతూ) అయ్యో.

అక్క: ఆఫీసులో అందరూ నీలాగే నవ్వుతుంటే మేరీ ఒక్కతే తిడుతుంది, మనుషులేనా మీరు అని. తీరా సంస్మరణ సభలో మిగతావాళ్ళు బుద్ధిగా కూర్చుంటే ఆవిడకే నవ్వు తన్నుకొస్తుంది. దగ్గులా కప్పిపుచ్చుతుంది, ఆగదు. పాస్టర్ ఆమెను లేపి, “నవ్వమ్మా, అతనికి కావలసింది అదే” అంటాడు. అంతే, భోరున ఏడుస్తుంది.

తమ్ముడు: ఎవరో ఒకరు ఆపితే విజిల్ ఎక్కువ కొడుతుందన్నమాట. అందరూ నవ్వే చోట నవ్వు ఎందుకొస్తుందో మరి? మాకు క్లయింట్లు “నవ్వుల సౌండ్ పెట్టండి” అంటారు. నాకు చిరాకు.

అక్క: అది చార్లెస్ డగ్లస్ పుణ్యమే. 1950లలో అమెరికా టీవీ కోసం రికార్డు చేసిన నవ్వుల పెట్టె తయారుచేశాడు. మీట నొక్కితే నవ్వు. మనవాళ్ళు దాన్ని ఇంకోలా చేశారు. 2013 నుంచి ‘జబర్దస్త్’ చూస్తున్నాం కదా, పంచ్ పడగానే కెమెరా జడ్జీల మీదికి పోతుంది.

తమ్ముడు: నిజమే. స్కిట్ పేలకపోయినా వాళ్ళు నవ్వుతుంటే మనకీ పెదాలు కదులుతాయి. ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ.

అక్క: సిగ్గెందుకు? రాబర్ట్ ప్రొవైన్ అనే శాస్త్రవేత్త లెక్క తీశాడు, మనిషి ఒంటరిగా ఉన్నప్పటికంటే పదిమందిలో ఉన్నప్పుడు ముప్పై రెట్లు ఎక్కువ నవ్వుతాడని. నాన్న ఆ సినిమా ఒక్కరే చూస్తే అలా నవ్వుతారా చెప్పు.

తమ్ముడు: నవ్వరు. “వస్తోందర్రా” అన్నారు కదా. ఆ ‘అర్రా’ మన కోసమే.

అక్క: భరతుడు దీనికి కూడా పేరు పెట్టేశాడు. నాట్యశాస్త్రంలో నవ్వులు ఆరు. స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం. పళ్ళు కనపడని నవ్వు ఉత్తములకట, చివరి రెండూ అధములకి.

తమ్ముడు: నాన్న ఎక్కడ?

అక్క: అపహసితం. శ్లోకం వింటే ఒళ్ళు జలదరిస్తుంది. కళ్ళల్లో నీళ్ళు, అదిరిపోయే భుజాలు, తల. దానికి ముందు ఇంకో లక్షణం, ‘అస్థానహసితం’. నవ్వకూడని చోట, సందర్భం రాకుండానే నవ్వడం. కోడి రాకముందు నాన్న, సంతాప సభలో మేరీ, ఇద్దరూ ఒకే గళ్ళో.

తమ్ముడు: నాన్నని అధముడంటావా! ఇది ఆయన వింటారు, తెలుసుగా.

అక్క: భరతుడన్నాడు, నేను కాదు. అన్నట్టు ఈ ఎపిసోడ్ ఆయనకి ముందే పంపించకు.

తమ్ముడు: పంపించేశా. “కోడి గురించేనా?” అని మెసేజ్ పెట్టి, కింద నవ్వే బొమ్మలు ఏడు పెట్టారు. ఇంకా వినలేదు.