కయ్యాలమారిని కాగితం మీద పెట్టేటప్పుడు

శ్రోతలకు నమస్కారం.

ఊరికొకడు ఉంటాడు. టీ బంకు దగ్గర కనబడితే చాలు, పక్క బల్ల మీదివాళ్ళు గ్లాసులు తీసుకుని అవతలికి జరుగుతారు. "వాడి జోలికి పోబాకు" అంటారు మన నెల్లూరు, ఒంగోలు వైపు. నోటితో చెప్పేటప్పుడు మనకు మాటలకు కొరత లేదు. అదే మనిషి గురించి నాలుగు ముక్కలు రాయమంటే మాత్రం 'గొడవపడే స్వభావం కలవాడు' అని రాసి చేతులు దులుపుకుంటాం. అందులో తప్పేమీ లేదు గానీ, మనిషి కనబడడు. మనిషి కనబడే మాటను ఎలా ఏరుకోవాలి, దాన్ని వాక్యంలో ఎక్కడ పెట్టాలి, ఈ పూట అంతవరకే మాట్లాడుకుందాం.

నాకు బాగా ఇష్టమైన మాటతో మొదలుపెడతాను. పోట్లగిత్త, అంటే పొడిచే గిత్త. కయ్యానికి వచ్చే మనిషినీ అలాగే అంటాం.

ఒంగోలు గిత్తను మీరు చూసే ఉంటారు. తెల్లటి ఒళ్ళు, ఎత్తయిన మూపురం, పొట్టి కొమ్ములు. బ్రెజిల్ వాళ్ళు ఈ పశువుల్ని తీసుకుపోయి పెంచుకుని, వాటి సంతతికి మన నెల్లూరు పేరే పెట్టుకున్నారు. అంత భారీ ఒళ్ళు, అయినా సాధారణంగా సాధువే. పలుపు పట్టుకుని నడిపిస్తే వెంట నడుస్తుంది. అందుకే పోట్లగిత్త అన్న మాటకు అంత బలం. గిత్తలన్నీ పొడిచేవే అయితే ఇక వేరే పేరెందుకు?

ఒకసారి తల విసిరిన గిత్తను పశువులు తెలిసినవాళ్ళు పోట్లగిత్త అనరు. జోరీగ కుట్టి ఉండొచ్చు. మెడ మీద కాడి ఒరుసుకుని పుండు పడి ఉండొచ్చు. ముందు అవి చూస్తారు. ఏ కారణమూ లేకుండా, మనిషి కనబడగానే తల దించి, బుసకొట్టి, ముంగాలి గిట్టతో మన్ను వెనక్కి ఎగజిమ్మి, మీదికి వచ్చేదాన్నే అలా అంటారు. అదీ ఒకసారి కాదు, వచ్చినప్పుడల్లా. 'కయ్యానికి కాలు దువ్వడం' అని మనం రోజూ అనే మాటలో ఉన్నది ఆ గిట్టే.

మనిషికీ అదే లెక్క. ఒకనాడు అరిచినవాడు కయ్యాలమారి కాడు. ఒకనాడు చొక్కా పట్టుకున్నవాడు కయ్యాలమారి కాడు. ఈ మాటలన్నీ అలవాటుకు పెట్టిన పేర్లు. ఆ అలవాటు మీకు తెలియకపోతే మాట వాడొద్దు, జరిగింది రాసి ఊరుకోండి.

ఇక మాటను ఏరుకోవడం. నాట్ల రోజుల్లో పంటకాలువ గట్టు మీదికి రండి. నీళ్ళు వంతుల మీద వస్తున్నాయి. ఒకాయన తన వంతు కాకపోయినా పార తీసుకుని గండి కొట్టి, ఎవరన్నా అడగడానికి రాకపోతారా అని గట్టు మీదే నిలబడతాడు. ఆయన కయ్యాలమారి. జగడగొండి అన్నా ఆయనే. రెండో ఆయన గండి కొట్టడు. వంతు రాసుకున్న చీటీ పట్టుకొచ్చి, "గంటలు ఎవరు లెక్కపెట్టారు? నా సంతకం ఏదీ?" అని ప్రతి ముక్కకూ అడ్డం పడతాడు. ఆయన పేచీకోరు. మూడో ఆయన అసలు కాలువ దగ్గరికే రాడు. రాత్రి ఎగువ రైతు ఇంటికి పోయి, "దిగువాయన నీ మడవ కట్టేశాడంట" అని చెవిలో వేస్తాడు, ఆనక దిగువాయన ఇంటికీ పోతాడు. ఆయన తంపులమారి. ముగ్గురినీ 'గొడవ మనుషులు' అని ఒకే గంపలో వేస్తే చదివేవాడికి తెలిసేదేముంది?

కలహప్రియుడు అనే సంస్కృతం మాట ఒకటుంది. అనగానే మనకు నారదుడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. నవ్వించాలంటే వాడండి. తల పగలగొట్టినవాడికి అది అతకదు. ఇక నోటితోనే యుద్ధాలు గెలిచేవాళ్ళకు మన నెల్లూరి తిక్కన గారి విరాటపర్వంలో ఉత్తరకుమారుడు ఉండనే ఉన్నాడు. అంతఃపురంలో ఆడవాళ్ళ ముందు అంతలేసి మాటలన్నవాడు, కౌరవసేనను చూడగానే రథం దిగి పరుగెత్తాడు. అలాంటివాణ్ణి పోట్లగిత్త అంటే గిత్తకు అవమానం.

గయ్యాళి విషయంలో మాత్రం కాస్త ఆగండి. ఆ మాట ఆడవాళ్ళకే తగిలిస్తాం. కూలి డబ్బులు గట్టిగా అడిగిన ఆడమనిషి గయ్యాళి, అదే గొంతుతో అడిగిన మగవాడు పౌరుషం ఉన్నవాడు. ఇది న్యాయంగా లేదు. ఆవిడ ఏం అడిగిందో రాయండి, సరిపోతుంది.

ఏరుకున్న మాటను ఎక్కడ పెట్టాలి? పని ముందు, పేరు తర్వాత. మళ్ళీ చెబుతున్నాను: పని ముందు, పేరు తర్వాత. టంగుటూరి ప్రకాశం పంతులు గారిని ఆంధ్రకేసరి అన్నారంటే, 1928లో మద్రాసులో సైమన్ కమిషన్ బహిష్కరణ నాడు తుపాకీ ఎదుట ఆయన రొమ్ము చూపిన సంగతి జనానికి ముందే తెలుసు. అందుకే ఆ పేరు నిలిచింది.

ఇప్పుడు ఈ వాక్యం వినండి. 'అతడు చాలా కయ్యాలమారి అయినటువంటి, పొగరుబోతు, మొండి మనిషి.' ఇందులో 'చాలా' దండగ, ఆ అతి మాటలోనే ఉంది. 'అయినటువంటి' అన్నది మాట పదును తగ్గిస్తుంది, తీసేయండి. మూడు విశేషణాలు పక్కపక్కన పెడితే ఒక్కటీ గుర్తుండదు. ఇప్పుడిది వినండి. 'వంతు తనది కాదని తెలుసు. అయినా గండి కొట్టి, పార భుజాన వేసుకుని గట్టు మీదే నిలబడ్డాడు. ఎవరూ రాకపోతే తనే కేకేసి పిలిచాడు, కయ్యాలమారి మనిషి.' ఒక్కటే విశేషణం, అదీ చివర. రాసింది ఒకసారి పైకి చదువుకోండి. ఆ మాట తీసేసినా మనిషి కనబడుతున్నాడంటే వాక్యం కుదిరినట్టే, అప్పుడు మాట ఉంచుకోవచ్చు.

ఇదంతా ఉత్తరాలకు, కథలకు, ఊరి కబుర్లకు. పేరు పెట్టి వాట్సాప్ గ్రూపులో ఇలాంటి మాట రాసేముందు ఆలోచించండి. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ పరువునష్టం గురించే, రాతకూ అది వర్తిస్తుంది. తహసీల్దారుకు ఇచ్చే అర్జీలో, పోలీసులకు ఇచ్చే ఫిర్యాదులో అయితే వీటిలో ఒక్క మాటా వద్దు. కయ్యాలమారితనాన్ని ఏ అధికారీ విచారించలేడు. గండిని విచారించగలడు. అక్కడ తేదీ రాయండి, టైము రాయండి, కాలువ పేరు, పక్క పొలం సర్వే నంబరు రాయండి. తిట్టి ఉంటే ఆ తిట్టు ఎలా అన్నాడో అలాగే రాయండి. చూసినవాళ్ళ చేత సంతకాలు పెట్టించి, అర్జీ రెండు ప్రతులు తీసుకుపోయి, ఒకటి వాళ్ళకిచ్చి, రెండోదాని మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకుని ఇంటికి తెచ్చుకోండి.

నమస్కారం.