కెన్నెత్ రోబసన్ అనే మనిషి లేడు

వ్యాఖ్యాత: నమస్కారం. 1933 మార్చిలో న్యూయార్క్‌కి చెందిన స్ట్రీట్ అండ్ స్మిత్ సంస్థ ‘డాక్ సావేజ్’ సాహస పత్రిక మొదలుపెట్టింది. వెల పది సెంట్లు. 1949 వేసవిలో ఆగిపోయేలోపు 181 నవలలు వచ్చాయి. దాదాపు అన్నింటి మీదా రచయిత పేరు కెన్నెత్ రోబసన్. అలాంటి మనిషే లేడు. మరి రాసిందెవరు? పల్ప్ పత్రికల, అంటే చౌక కాగితం మీద అచ్చయ్యే కథల పత్రికల, చరిత్ర మీద పనిచేసిన పరిశోధకురాలు, కథల ఎడిటింగ్ తెలిసిన సంపాదకుడు స్టూడియోలో ఉన్నారు. మేడం, మీరు చెప్పండి.

పరిశోధకురాలు: ఎక్కువ భాగం రాసింది లెస్టర్ డెంట్. మిస్సోరీ రాష్ట్రంలోని లా ప్లాటాలో పుట్టినవాడు. పేరు మాత్రం కంపెనీది. దాన్ని ‘హౌస్ నేమ్’ అనేవారు. రచయిత జబ్బుపడినా, మానేసినా, ఎక్కువ అడిగినా పత్రిక ఆగకూడదు కదండీ. తమాషా ఏమిటంటే, మొదటి సంచిక మీద వేసింది కెన్నెత్ రాబర్ట్స్ అని. ఆ పేరుతో అప్పటికే ఒక నవలా రచయిత నిజంగా ఉన్నాడు! వెంటనే రోబసన్‌గా మార్చారు.

సంపాదకుడు: 1939లో ‘అవెంజర్’ పత్రిక వచ్చినప్పుడు దానిమీదా రోబసన్ పేరే వేశారు. ఆ నవలలు రాసింది పాల్ ఎర్న్‌స్ట్. పేరు కంపెనీ సొత్తు కాబట్టి ఎవరి రాతకైనా తగిలించొచ్చు.

వ్యాఖ్యాత: డెంట్ చాటున కూడా వేరేవాళ్ళు రాశారంటారు?

పరిశోధకురాలు: రాశారు. ఇక్కడ ఒక తేడా గమనించాలి. లారెన్స్ డానోవన్‌ని సంస్థే పిలిచి రాయించుకుంది. హెరాల్డ్ డేవిస్, రైర్సన్ జాన్సన్ లాంటివాళ్ళు డెంట్ పిలిస్తే రాశారు, వాళ్ళకి డబ్బిచ్చింది డెంటే. వేరేవాళ్ళ పేరు మీద చాటున రాసేవాణ్ణి ఘోస్ట్ అంటారు. అంటే వాళ్ళు ఘోస్ట్‌కి ఘోస్ట్‌లు. ముందు కథాసారం తయారవుతుంది. దానికి సంపాదకుడు జాన్ నానోవిక్ ఒప్పుకోవాలి. తర్వాత ఘోస్ట్ చిత్తుప్రతి రాస్తాడు, డెంట్ దాన్ని దిద్ది తన చేతిమీదుగా పంపుతాడు.

వ్యాఖ్యాత: గిట్టుబాటు అయ్యేదా?

సంపాదకుడు: మొదట్లో డెంట్‌కి నవలకి 500 డాలర్లు. పల్ప్ పత్రికల మామూలు రేటు మాటకి ఒక సెంటు. ఆ లెక్కన 500 డాలర్లు 50,000 మాటలకి సరిపోతాయి. నవల 60,000 మాటలకి పెరిగితే సెంటు కూడా గిట్టదు. అందులోంచే ఘోస్ట్‌కీ ఇవ్వాలి. కాబట్టి చిత్తుప్రతి బాగుండటం ఒక్కటే చాలదు, దిద్దడానికి తక్కువ రోజులు పట్టాలి. డబుల్ స్పేస్‌లో పేజీకి 250 మాటలు వేసుకున్నా 60,000 మాటలంటే 240 పేజీలు. సగం మళ్ళీ టైపు చేయాల్సి వచ్చిందంటే ఘోస్ట్‌ని పెట్టుకున్న లాభం పోయినట్టే.

వ్యాఖ్యాత: ఎక్కువగా దెబ్బతినేది ఎక్కడ?

సంపాదకుడు: పాత్రల అలవాట్ల దగ్గర. హీరో డాక్‌కి ఐదుగురు సహచరులు. రెన్నీ పిడికిలితో తలుపు చెక్కలు పగలగొడతాడు. జానీ నోరు తిరగని పెద్దపెద్ద మాటలు వాడతాడు. హామ్ చేతికర్రలో కత్తి ఉంటుంది, అతనికీ మంక్‌కీ క్షణం పడదు. డాక్ ఆలోచనలో పడితే గొంతులోంచి సన్నని కూత వస్తుంది. నెలనెలా చదివేవాళ్ళు వీటికోసం ఎదురుచూస్తారు. కొత్తగా వచ్చిన ఘోస్ట్ ఒకటి మరిచిపోతాడు, లేదా భయపడి ప్రతి అధ్యాయంలోనూ దట్టిస్తాడు. నా లెక్కలో రెండోదే పెద్ద తప్పు. మరిచిపోయిన కూతని ఒక వాక్యంతో చేర్చొచ్చు. ఇరవైచోట్ల దూర్చినవి తీస్తే సంభాషణలన్నీ అతుకులు ఊడిపోతాయి.

పరిశోధకురాలు: గొంతు కుదరడం గురించి అదే సంస్థ వేసిన ‘షాడో’ పత్రిక చూడండి. హౌస్ నేమ్ మాక్స్‌వెల్ గ్రాంట్. 325 నవలల్లో 282 వాల్టర్ గిబ్సన్‌వి. అతను ఇంద్రజాలికుడు కూడా, అంతకుముందు పేరుమోసిన ఇంద్రజాలికుడు హౌడినీకి ఘోస్ట్‌గా రాశాడు. థియోడోర్ టిన్స్లీ 27, బ్రూస్ ఎలియట్ 15 రాశారు. మిగిలిన ఒక్కటీ డెంట్‌ది, ‘గోల్డెన్ వల్చర్’. 1932లో డెంట్ పనితనం చూడటానికి రాయించుకున్నది. అది అచ్చయింది 1938లో, అదీ గిబ్సన్ దిద్దాక! చేయి తిరిగిన రచయితకే అరువు గొంతు అంత తేలిగ్గా కుదరలేదన్నమాట.

వ్యాఖ్యాత: డెంట్ సూత్రం అని ఒకటుందట?

సంపాదకుడు: 6,000 మాటల కథకి. నాలుగు భాగాలు, ఒక్కోటి 1,500. మొదటి వాక్యంలోనో, వీలైనంత త్వరగానో హీరో కష్టంలో పడాలి. మొదటి భాగంలోనే మిగతా పాత్రలన్నీ కనిపించాలి, ఒక కొట్లాట జరగాలి, చివర మలుపు రావాలి. తర్వాతి రెండు భాగాల్లో కష్టం పెరుగుతూ పోతుంది. నాలుగో భాగంలో హీరో తన తెలివితోనో బలంతోనో బయటపడాలి. పోలీసులు వచ్చి కాపాడితే కథ చెడినట్టే. చాలామంది పట్టించుకోనిది దీనికి ముందు మెట్టు: కొత్త హత్యా పద్ధతి, విలన్ వెతికే కొత్త వస్తువు, కొత్త చోటు, హీరో నెత్తిన వేలాడే ప్రమాదం. వీటిలో ఒక్కటైనా కొత్తది లేకపోతే నాలుగు భాగాలూ కొలత ప్రకారం కుదిరినా కథ చప్పగా ఉంటుంది.

వ్యాఖ్యాత: ఇంత చేసినా పేరు రాలేదు. హక్కులో?

పరిశోధకురాలు: అవీ సంస్థవే. డెంట్ 1959లో పోయాడు. 1964 నుంచి బాంటమ్ సంస్థ ఆ నవలలన్నిటినీ వరసగా మళ్ళీ అచ్చువేసింది, 1990 దాకా పట్టింది. అట్టల మీద మళ్ళీ రోబసనే. ఇది అన్యాయమనే నేనంటాను. మొత్తం 181లో ఒక్కటి, 1944 మార్చి సంచికలోని ‘డెరిలిక్ట్ ఆఫ్ స్కల్ షోల్’, లెస్టర్ డెంట్ పేరుతో వచ్చింది. అదీ పొరపాటున పడింది. తర్వాతి సంచికకి మళ్ళీ రోబసన్.