ఏ బండికన్నా?

(తిరుపతిలో జీపు యజమానులు, మామిడి రైతుల మధ్య చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. మైక్ లేకపోయినా ఏం కాదు, వెనక షెడ్డులో ఆ గ్రైండర్ కాసేపు ఆపమనండి చాలు.

ముందే చెప్పేస్తున్నా, నేను మెకానిక్‌ను కాదు. దామలచెరువు పక్కన మామిడి తోట ఉంది, అందులో తిరగడానికి మా నాయన కొన్న పాత పెట్రోల్ జీపు ఉంది, అది తాగే పెట్రోల్ భరించలేక పదకొండేళ్ల కింద దాంట్లో నేను పెట్టించిన క్వాలిస్ డీజిల్ ఇంజిన్ ఉంది. ఆ ఇంజిన్ వెనకాల నేను పడ్డ తిప్పలే నా అర్హత. ఇంజిన్ ఎలా ఎక్కించాలో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, వీడియోలు కూడా బోలెడున్నాయి. ఎక్కించిన రెండేళ్లకు, మూడేళ్లకు ఏదో ఒకటి అరిగిపోయినప్పుడు ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పరు. ఇవాళ నేను మాట్లాడేది ఆ సంగతే.

స్పేర్ పార్ట్స్ షాపుకు పోతే కౌంటర్ మీద కుర్రాడు తల కూడా ఎత్తకుండా అడిగే మొదటి మాట 'ఏ బండికన్నా?' అని. డిజైర్ ఉన్నవాడు డిజైర్ అంటాడు, బొలెరో ఉన్నవాడు బొలెరో అంటాడు, పని అయిపోతుంది. మనం ఏం చెప్పాలి? బాడీ ఒక బండిది, ఇంజిన్ ఇంకో బండిది, సెల్ఫ్ మోటారు మూడోదాంది, రేడియేటర్ ఏ బండిదో ఆ పెట్టినవాడికే గుర్తుండదు.

మొదటిసారి క్లచ్ పోయినప్పుడు నేను అమాయకంగా 'జీపుకు' అన్నాను. తెచ్చాను, గేర్‌బాక్స్ దించాం, చూస్తే ప్లేటు చిన్నది, క్వాలిస్ ఫ్లైవీల్ ముందు అప్పడంలాగా ఉంది. మళ్లీ పోయి 'క్వాలిస్‌కు' అన్నాను. ఈసారి సైజు కరెక్టుగా ఉంది కానీ మధ్యలో పళ్లున్న రంధ్రం మా జీపు గేర్‌బాక్స్ షాఫ్ట్ మీదికి ఎక్కదు, పళ్ల లెక్క వేరు. అప్పుడు అర్థమైంది. క్లచ్ ప్లేటు బయటి చుట్టు ఇంజిన్ మాట వినాలి, లోపలి హబ్ గేర్‌బాక్స్ మాట వినాలి, అంటే అలాంటి ప్లేటు ఏ కంపెనీ డబ్బాలోనూ ఉండదు. చివరికి పాత ప్లేటు చేతిలో పట్టుకుని, క్లచ్ ప్లేట్లకు లైనింగ్ కొట్టే ఆయన దగ్గరికి పోతే, జీపు హబ్ తీసి క్వాలిస్ ప్లేటు మధ్యలో రివెట్లు కొట్టి ఇచ్చాడు. నిజానికి మొదట ఇంజిన్ పెట్టినవాళ్లు చేయించింది కూడా అదే, నాకు చెప్పలేదంతే. ఆ నాలుగు రోజులూ తోటలో తోతాపురి కోసి క్రేట్లలో పెట్టి ఉంది, గుజ్జు ఫ్యాక్టరీకి పంపడానికి అద్దె ట్రాక్టర్ మాట్లాడుకున్నాను. అప్పటి నుంచి అలాంటి ప్లేటు ఒకటి ముందే చేయించి, ప్లాస్టిక్ కవర్లో చుట్టి అటక మీద పెట్టుకుంటున్నా.

కాబట్టి ఇంజిన్ కొనేటప్పుడే ఆలోచించాలి. చాలామంది పవర్ చూస్తారు. మా అక్క కొడుకు ల్యాండ్ క్రూజర్‌లో వచ్చే 1హెచ్‌జెడ్ కావాలంటాడు, ఆరు సిలిండర్లు, 4.2 లీటర్లు. మంచి ఇంజినే, కాదనను. దాని వాటర్ పంపు పోతే తిరుపతిలో ఎవరి దగ్గర దొరుకుతుందిరా అంటే ఆన్‌లైన్‌లో వస్తుంది మామా అంటాడు. వస్తుంది, వచ్చేదాకా బండి తులసికోట పక్కన నిలబడి ఉంటుంది.

నేనైతే పవర్ చూడను, టాక్సీ స్టాండు చూస్తాను. ఏ ఇంజిన్ ఊళ్లో వందల బండ్లలో తిరిగిందో దాని పార్టులు ఊళ్లో ఉంటాయి. క్వాలిస్ మన దేశంలో అమ్మింది 2000 నుంచి 2005 దాకానే, కానీ ఆ ఐదారేళ్లలోనే టాక్సీవాళ్లకు ఎంత అలవాటైందంటే దాని 2ఎల్ ఇంజిన్, 2446 సీసీ, ఇప్పటికీ మెకానిక్‌లకు కంఠస్థం. జిప్సీ పెట్రోల్ బండ్లున్నవాళ్లు చాలామంది ఒకప్పుడు జెన్ డీజిల్ ఇంజిన్ పెట్టించుకున్నారు, 1527 సీసీ ప్యూజో ఇంజిన్ అది, సాఫీగా ఉండేది, ఇప్పుడు ఆ బండ్లే రోడ్డు మీద లేవు కాబట్టి పార్టుల కోసం దీపం పెట్టి వెతకాలి. స్విఫ్ట్, డిజైర్‌ల 1248 సీసీ డీజిల్ సంగతి వేరు. మారుతి 2020 ఏప్రిల్ నుంచి డీజిల్ మానేసినా అప్పటికే అమ్మినవి లెక్కలేనన్ని. దానికి ఇంకో తలనొప్పి ఉంది, దాని దగ్గరికి వస్తా.

అసలు మన జీపుకు ఇంజిన్ మార్చడం కొత్తేమీ కాదు, మహీంద్రా కంపెనీయే మార్చుకుంటూ వచ్చింది. మొదట హరికేన్ పెట్రోల్, తర్వాత ట్రాక్టర్ల నుంచి వచ్చిన ఇంటర్నేషనల్ డీజిల్, 1979లో ప్యూజోతో ఒప్పందం అయ్యాక 2112 సీసీ ఎక్స్‌డీపీ, ఆ తర్వాత 2498 సీసీ ఎక్స్‌డీ3పీ, చివరికి 2523 సీసీ డీఐ. ఈ డీఐ ఇంజిన్ బొలెరోల్లో, పికప్‌లలో కూడా వచ్చింది కనుక పల్లెటూరి షాపులో కూడా దీని ఫిల్టర్ దొరుకుతుంది. కొత్తగా పెట్టించేవాళ్లు ఎవరైనా అడిగితే కళ్లు మూసుకుని ఇదే చెప్తా. శబ్దం ఎక్కువే, మొరటుదే, ఒప్పుకుంటా.

సీసీ ఒకటే కదా, పార్టులు సరిపోతాయిలే అనుకోవద్దు. తవేరాలో వచ్చిన ఇసుజు 4జేఏ1 ఇంజిన్ 2499 సీసీ, మన శ్రీసిటీ ఫ్యాక్టరీలో 2016 నుంచి చేసిన వీ-క్రాస్ పికప్‌లో వచ్చిన 4జేకే1 కూడా 2499 సీసీనే. మొదటిదానికి బోర్, అంటే సిలిండర్ లోపలి వెడల్పు, 93 మిల్లీమీటర్లు, రెండోదానికి 95.4. పిస్టన్ దీంది దానికి పట్టదు. మా తమ్ముడు ఒకసారి శ్రీసిటీ గేటు దగ్గర అడిగితే తవేరా పిస్టన్లు ఇస్తారేమో అన్నాడు, నిజంగానే అన్నాడు, నవ్వకండి.

ఇప్పుడు ఆ తలనొప్పి. ఆ స్విఫ్ట్ డీజిల్ లాంటి కామన్ రైల్ ఇంజిన్, అంటే కంప్యూటర్ చెప్పినట్టు డీజిల్ కొట్టే ఇంజిన్ పెట్టాలంటే ఇనుము ఒక్కటే తెస్తే కాదు. ఈసీయూ అనే ఆ కంప్యూటర్, మొత్తం వైరింగ్, యాక్సిలరేటర్ పెడల్, వేరే తాళంతో బండి లేవకుండా ఆపే ఇమ్మొబిలైజర్ డబ్బా, ఆ బండి తాళంచెవి, ఇవన్నీ ఒకే బండివి కావాలి. తాళంచెవి మర్చిపోయి ఇంజిన్ తెచ్చి ఇరవై రోజులు సెల్ఫ్ కొట్టినాయన ఇక్కడే మూడో వరసలో ఉన్నాడు, పేరు చెప్పను. పాత పంపు ఇంజిన్ అయితే డీజిల్, గాలి, బ్యాటరీ, ఈ మూడూ ఉంటే లేస్తుంది. తోటలో, వాగులో తిరిగే బండికి నాకు అదే ఇష్టం.

సరే, పార్టులు. ఇంజిన్ లోపలి వాటికి 'ఏ బండికి' అంటే ఇంజిన్ ఏ బండిదో ఆ పేరే చెప్పండి, జీపు అనే మాటే ఎత్తొద్దు, ఎత్తితే కుర్రాడికీ మనకూ ఇద్దరికీ అయోమయం. గేర్‌బాక్స్, యాక్సిల్ సామానుకు మాత్రం జీపు అనండి. మధ్యలో ఉండేవి, అంటే ఇంజిన్‌నూ గేర్‌బాక్స్‌నూ కలిపే అడాప్టర్ ప్లేటు, పైలెట్ బేరింగ్, ఫౌండేషన్ రబ్బర్లు, హోస్ పైపులు, బెల్టులు, వీటికి బండి పేరే లేదు. వీటికి నంబరు, కొలత ఉంటాయి. అందుకే నేను ఆటో పార్ట్స్ షాపుకన్నా బేరింగుల షాపుకు ఎక్కువ పోతా. బేరింగ్ అంచు మీద 6205 అని చెక్కి ఉంటే లోపలి రంధ్రం 25 మిల్లీమీటర్లు, చివరి రెండు అంకెల్ని ఐదుతో గుణించండి, వచ్చేస్తుంది. 04 నుంచి పైకి ఈ లెక్క పనిచేస్తుంది. బయట 52, మందం 15, ప్రపంచంలో ఏ కంపెనీ చేసినా అంతే. ఆయిల్ సీల్ మీద 40-62-10 అని ఉంటే లోపల, బయట, మందం. ఆ మూడు అంకెలు చెప్తే మోటారు పంపుల షాపులో కూడా ఇస్తారు, ఏ బండికని అడగరు. వేడిగా, నూనెలో తిరిగే చోటైతే మంచి రబ్బరు సీల్ అడగండి, పది రూపాయలు మిగుల్చుకుందామని చూస్తే గేర్‌బాక్స్ మళ్లీ దించాలి.

హోస్ దగ్గర నాకు జరిగింది చెప్తా, ఇది కొంచెం శ్రద్ధగా వినండి. పెట్రోల్ ఇంజిన్ గాలి పీల్చేటప్పుడు గాలి పైపు మ్యానిఫోల్డ్‌లో వ్యాక్యూమ్, అంటే లోపలికి లాగే పీల్పు, దానంతట అదే వస్తుంది, బ్రేకు తొక్కడం తేలిక చేసే బూస్టర్ దాంతో పనిచేస్తుంది. పాత డీజిల్‌కు పెట్రోల్ ఇంజిన్‌లోలా గాలిని అడ్డుకునే థ్రాటిల్ ఉండదు, వ్యాక్యూమ్ రాదు, అందుకే డైనమో వెనకాల చిన్న వ్యాక్యూమ్ పంపు ఉంటుంది. మా జీపుకు బూస్టర్ పెట్టిన గ్యారేజీవాళ్లు పంపు నుంచి బూస్టర్‌కు మామూలు నీళ్ల హోస్ ముక్క వేశారు. చల్లగా ఉన్నంతసేపు బాగానే ఉంది. ఒక వేసవి మధ్యాహ్నం భాకరాపేట ఘాట్ దిగుతున్నా, వెనక రెండు డ్రమ్ముల ఎరువు, మూడో మలుపులో బ్రేకు తొక్కితే రాయిని తొక్కినట్టుంది. రెండో గేరులోకి లాగి, హ్యాండ్‌బ్రేక్ పట్టుకుని, గట్టు వైపు ఒరిపించి ఆపాను. బానెట్ ఎత్తి చూస్తే ఆ హోస్ ఇంజిన్ వేడికి మెత్తబడి, లోపలి పీల్పుకు రెండు గోడలూ అతుక్కుని, పిండేసిన బట్టలాగా ఉంది. చేత్తో పట్టుకుంటే చల్లారేకొద్దీ మళ్లీ గుండ్రంగా అవుతోంది. చల్లారాక షాపుకు తీసుకుపోయి చూపిస్తే తప్పేమీ కనబడేది కాదు. వ్యాక్యూమ్‌కు గట్టి, లోపల అల్లిక ఉన్న హోసే వేయాలి. ఇళ్లకు పోయాక మీ బండ్లలో ఇంజిన్ బాగా వేడిగా ఉన్నప్పుడు, రన్నింగ్‌లో, ఆ హోస్‌ను ఒక్కసారి కళ్లతో చూడండి. ఆ పంపుకు ఇంజిన్ ఆయిలే అందుతుంది, సీల్ పోతే ఆయిల్ డైనమోలోకి దిగి చార్జింగ్ పోతుంది, బ్యాటరీ మీద నింద వేస్తాం.

మీటర్లు కూడా ఇలాగే మోసం చేస్తాయి. ఇంజిన్ మీద ఉన్న టెంపరేచర్ సెన్సర్ క్వాలిస్‌ది, డాష్‌బోర్డు మీద మీటర్ జీపుది. రెండింటి లెక్కలూ వేరు. నీళ్లు మరిగి మూత దగ్గర బుసలు కొడుతున్నా మీటర్ ముల్లు సగంలో హాయిగా కూర్చుని ఉండేది. మన ఎండల్లో ఇది ఇంజిన్ బ్లాకుకూ హెడ్డుకూ మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్ పోవడానికి పిలుపు. సెన్సర్, మీటర్ జతగా ఒకటే కొనండి.

హెడ్ గ్యాస్కెట్ అంటే గుర్తొచ్చింది. చాలా డీజిల్ ఇంజిన్లకు గ్యాస్కెట్ ఒకే మందంలో రాదు, పిస్టన్ బ్లాకు పైకి ఎంత పొడుచుకొస్తుందో కొలిచి దానికి తగ్గ మందం వేయాలి. అంచు మీద చిన్న గాట్లో, రంధ్రాలో, అక్షరమో ఉంటుంది. పాత గ్యాస్కెట్ పారేయకండి, చేతిలో పట్టుకుపోయి గుర్తు చూపించండి. నాజిల్ కింద రాగి వాషర్లు మాత్రం పాతవి మళ్లీ వేయొద్దు, నాలుగు వాషర్ల దగ్గర పిసినారితనం ఎందుకు.

టైమింగ్ బెల్ట్. క్వాలిస్ ఇంజిన్‌కు లక్ష కిలోమీటర్లకు మార్చాలి, తెగితే వాల్వులు పోయి పిస్టన్లకు తగులుతాయి. కానీ మన జీపులో కిలోమీటర్లు ఎవరు లెక్కపెట్టారు? టైర్ల సైజు మార్చాం, స్పీడోమీటర్ కేబుల్ ఎప్పుడో తెగింది, తోటలో గంటల తరబడి మొదటి గేరే. పాత ఇంజిన్ తెచ్చిన రోజే బెల్ట్, దాన్ని బిగించి ఉంచే టెన్షనర్ మార్చేయండి, ఆ తర్వాత సంవత్సరాల లెక్కన మార్చుకోండి. టెన్షనర్ మారిస్తే మనకు టెన్షన్ తగ్గుతుంది, ఇది మా మెకానిక్ జోకు, నాది కాదు.

దుమ్ము సంగతి ఒక్క ముక్కలో. కంపెనీ బండిలో ఎయిర్ క్లీనర్ నుంచి ఇంజిన్ దాకా ఒకే పైపు ఉంటుంది, మన బండ్లలో మూడు ముక్కలు, ఆరు క్లిప్పులు. నెలకోసారి ఫిల్టర్ దాటాక ఉన్న పైపులో వేలు పెట్టి తుడవండి. వేలికి ఎర్రమట్టి అంటితే పిస్టన్ రింగులు అరుగుతున్నట్టే లెక్క.

పాత పెట్రోల్ జీపువాళ్లు ఒక లెక్క వేసుకోండి. సీజే3బీ మోడల్ జీపు యాక్సిల్ నిష్పత్తి 5.38, అంటే షాఫ్ట్ 5.38 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు. దాదాపు 29 అంగుళాల టైరుతో, టాప్ గేర్‌లో 3000 ఆర్‌పీఎం దగ్గర గంటకు 77 కిలోమీటర్లు వస్తాయి. పాత డీజిల్‌ను అంతకుమించి గంటల తరబడి తిప్పితే వేడెక్కుతుంది, తాగుతుంది. చెన్నై హైవే మీద వంద కొట్టాలనుకునేవాళ్లు ఇంజిన్ కాదు, ఆ నిష్పత్తి ఇచ్చే యాక్సిల్ గేర్ల జత, క్రౌన్-పినియన్ మార్చుకోవాలి.

సామాను ఎక్కడ? మన జిల్లావాళ్లకు ఒక సుఖం ఉంది, అటు చెన్నై, ఇటు బెంగళూరు. పాత సామానుకు చెన్నై పుదుపేట, కొత్తదానికి అక్కడే జీపీ రోడ్డు, బెంగళూరులో జేసీ రోడ్డు. పుదుపేటకు పోయేటప్పుడు చేతిలో పాత పార్టు, జేబులో కొలతకు వెర్నియర్ ఉండాలి, ఫోన్లో ఫొటో సరిపోదు, ఫొటోలో అన్ని డైనమోలూ ఒకేలా ఉంటాయి. పాత ఇంజిన్ కొంటుంటే స్టార్ట్ చేయించి ఆయిల్ మూత తీసి చూడండి, పొగ దబదబ పైకి తంతే వదిలేయండి. కంప్రెషన్ గేజ్ పెట్టించండి, నాలుగు సిలిండర్లలో రీడింగ్ దాదాపు ఒకేలా ఉండాలి. ఆ ఇంజిన్ నంబరుతో బిల్లు లేకుండా ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు.

ఎందుకంటే చట్టం ఉంది. మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ప్రకారం ఆర్టీఓ అనుమతి లేకుండా బండిని మార్చకూడదు. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ దాటి మార్చిన బండ్ల గురించి సుప్రీంకోర్టు 2019 జనవరిలో గట్టిగానే చెప్పింది. ఇంజిన్ మార్చే ముందే ఆఫీసుకు పోయి అడగండి, ఆర్‌సీలో ఎక్కించుకోండి. ఆర్‌సీలో పెట్రోల్ అని ఉండి బానెట్ కింద డీజిల్ ఉంటే ప్రమాదం జరిగిన రోజు ఇన్సూరెన్స్‌వాళ్లు ముందు చూసేది అదే. ఇంకోటి, బండి ఎక్కడికైనా ఎక్కుతుంది కదా అని శేషాచలం అడవిలోకి పోవద్దు, 2010 నుంచి అది బయోస్పియర్ రిజర్వ్. మన తోటల్లో, మన వాగుల్లో తిరగండి.

ఇక నా దగ్గర ఉన్నది ఈ నోటుబుక్కు. నాలుగు వందల పేజీలది కొన్నా, అరవై నిండాయి. ఒక్కో పార్టుకు ఒక పేజీ, ఏ బండిది, నంబరు ఎంత, ఎక్కడ కొన్నాను, ఎంత అయింది, ఎప్పుడు మార్చాను. 14వ పేజీలో క్లచ్ ప్లేటు బొమ్మ, పళ్ల లెక్కతో సహా గీసి ఉంది. గ్రీజు మరకలున్నాయి, ఏమనుకోవద్దు. టీ బ్రేకులో క్వాలిస్ ఇంజినున్నవాళ్లు ఫొటోలు తీసుకోండి. జీపు బయట వేపచెట్టు కింద ఉంది, బానెట్ తెరిచే పెట్టాను, ఇందాకే ఆపాను కాబట్టి ఆ వ్యాక్యూమ్ హోస్ ఇంకా వేడిగానే ఉంటుంది, ముందు దాన్ని చూసి తర్వాత టీ తాగండి.