చల్లని రాత్రులు కోరే మొక్కలకి ఎయిర్ కూలర్ పనికొస్తుందా? హైదరాబాద్ రివ్యూ

నమస్తే అండీ. కొండల మీద పెరిగే నెపంథిస్, అదే కూజాలతో పురుగుల్ని పట్టే మొక్క, ఇంట్లో పెంచుదామనుకోగానే మన ఊళ్లో చాలామందికి ముందు గుర్తొచ్చేది ఎయిర్ కూలర్. చల్లదనమూ ఇస్తుంది, తేమా ఇస్తుంది కదా అని. కొనే ముందు ఈ వీడియో చూడండి.

ఏప్రిల్ మధ్యాహ్నం కూలర్‌కి ఫుల్ మార్కులు ఇస్తాను. బయట 40 డిగ్రీలు, గాలిలో తేమ 20 శాతం ఉన్నా, మంచి ప్యాడ్లుంటే 26 దగ్గరికి దించేస్తుంది. కానీ ఈ మొక్కలకి కావాల్సింది రాత్రి చల్లదనం. బోర్నియోలో కినబాలు కొండ మీద 1500 మీటర్లు దాటాక పెరిగే నెపంథిస్ రాజానే చూడండి, అక్కడ రాత్రి 15కి, ఇంకా కిందికి కూడా పోతుంది. పగలు తయారుచేసుకున్న చక్కెరలో కొంత మొక్క రాత్రి శ్వాసకే ఖర్చవుతుంది. రాత్రి వేడిగా ఉంటే ఆ ఖర్చు పెరిగి, ఎదగడానికి మిగిలేది తగ్గిపోతుంది.

ఇప్పుడు జూలై రాత్రి సంగతి. వాన వెలిసింది, 25 డిగ్రీలు, తేమ 90 శాతం. కూలర్ చల్లబరిచేదే నీళ్లు ఆవిరవడం వల్ల. ఇంత తేమలో ఆవిరయ్యేదెంత? ఎంత ఖరీదైన కూలరైనా ఒక్క డిగ్రీ తగ్గిస్తే గొప్ప. ఈ పనికి కూలర్ వద్దండీ, గట్టిగా చెప్తున్నాను.

నా ఓటు ఏసీకే. ఎలాగూ రాత్రి ఏసీ వేసుకునే బెడ్‌రూమ్ ఉంటే అదే చాలు. ఏసీ గాలిని ఆరబెడుతుంది కాబట్టి మొక్కని మూతున్న గాజు ట్యాంకులో పెట్టండి. ఎల్ఈడీ లైటు పగలే వెలగాలి, రాత్రి వెలిగితే ట్యాంకు వేడెక్కుతుంది. నీళ్లు ఆర్వోవే పోయండి, బోరు నీళ్ల ఉప్పు వేళ్లకి పడదు.

గది 20, 22 దగ్గర నిలిస్తే ఫిలిప్పీన్స్ నెపంథిస్ వెంట్రికోసా హాయిగా పెరుగుతుంది. రాజాకి ఆ 20 కూడా ఎక్కువే, దాని జోలికి పోవద్దు. ఏసీ లేనివాళ్లు వెంట్రాటా హైబ్రిడ్ తీసుకోండి, వేడిని బాగా ఓర్చుకుంటుంది. మన దేశంలో సహజంగా పెరిగే ఒకే ఒక్క నెపంథిస్, మేఘాలయ ఖాసియానా కూడా ఓర్చుకుంటుంది. అయితే అది అడవిలో తరిగిపోతున్న మొక్క. నర్సరీలో పెంచినదని తేలితేనే డబ్బులివ్వండి.